ఒకే కుండలో ఉడికిన ఎరుపు

టీచరమ్మగారు పోయారన్న కబురు కొల్లేట్లో పడవ నడిపే ముసలాయన తెచ్చాడు. పొద్దెక్కినా ఏలూరు వీధుల్లో ఇంకా మంచు విడలేదు. ఆయన మా అరుగు కింద నిలబడి తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. అది చూడగానే నాకు తెలిసిపోయింది.

“నిన్న దీపాలవేళ అండి. నిద్దట్లోనే,” అన్నాడు.

లోపలికి రమ్మన్నాను. రాలేదు. చెప్పవలసింది ఇంకా ఉన్నట్టు అక్కడే నిలబడ్డాడు.

“మాకు తెలీదండి. రాత్రి లంకలోనే ఉండిపోయాం. తెల్లారగట్ట మంచులో పడి వస్తా ఉంటే గట్టు మీద ఎర్రది నిలబడి ఉంది. దాన్ని చూసుకునే వచ్చాం. టీచరమ్మగారికి ఒంట్లో నెమ్మదించింది, లేచి నిలబెట్టేశారు అనుకున్నామండి. తీరా రేవులో దిగితే మా ఆడది ఏడుస్తా ఎదురొచ్చింది.”

“ఇంకెవరైనా నిలబెట్టి ఉంటారు,” అన్నాను.

“ఆయ్, నేనూ అదే అనుకున్నానండి.” తలగుడ్డ మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు. “ఈసారి అది పొట్టిగా కనబడిందండి. ఉతికితే కుదించుకుపోయిందేమో.”

ఆ ఎర్రది ఏమిటో, టీచరమ్మగారు ఎవరో మీకు తెలియదు. అది చెప్పటానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. ఆమె కూడా కాదు.

ఏలూరు మిషను ఆడపిల్లల బడిలో ఆమె కుట్టుపనీ, ఉన్ని అల్లికా నేర్పేవారు. నేను చదువుకున్నది అక్కడే. మా అమ్మ చిన్నతనంలోనే పోయింది. నలుగురు పిల్లల్లో నేను పెద్దదాన్ని. చెల్లెళ్ళిద్దర్నీ, అందరికంటే చిన్నవాడైన తమ్ముణ్ణీ నేనే పెంచాను. వాళ్ళ ఒంటి మీద బట్ట నిలిచిందంటే ఆమె నేర్పిన విద్యవల్లే.

మన ఎండలకి ఉన్ని ఎందుకని అందరూ నవ్వేవారు. “ఇక్కడ గొర్రెకే ఉక్కపోస్తుంది టీచరమ్మగారూ!” అని పిల్లల తండ్రులు వేళాకోళం చేసేవారు.

“అది ఎప్పుడైనా విప్పి అవతల పెట్టిందాండీ?” అనేవారు ఆమె, అల్లిక ఊచల మీంచి చూపు ఎత్తకుండా.

మార్గశిరం వచ్చాక కొల్లేటి నీళ్ళ మీదికి తెల్లవారుజామున వెళ్ళేవాళ్ళకి తెలుసు, ఉన్ని ఎందుకో. అక్కడ చలి గాలిలో ఉండదు. నీళ్ళలోంచి లేస్తుంది. ముందు మోకాళ్ళు పట్టుకుంటుంది, తర్వాత ఛాతీ.

బడిలో చేరిన కొత్తలో ఆమె నాకు మొదట ఊచలు ఇవ్వలేదు. రెండు రకాల ఉన్ని ముందు పెట్టారు. ఒకటి దొరసానుల దేశం నుంచి పెట్టెల్లో వచ్చింది, వెన్నలా ఉంది. రెండోది మన ఏలూరు తివాచీల పేటలో వడికింది, గరుకుగా, గొర్రె వాసన వేస్తూ ఉంది. నేను చేత్తో నిమిరి మొదటిది మంచిదన్నాను.

“అరచేతికి అన్నీ మెత్తగానే ఉంటాయి. కళ్ళు మూసుకుని చెవి కింద పెట్టుకో,” అన్నారు.

అలాగే పెట్టుకున్నాను. రెండోది మెడ మీద ముల్లులా గుచ్చుకుంది. ఇది పనికిరాదన్నాను.

“ఎవరికి పనికిరాదు? పసిపిల్లకి పనికిరాదు. దోనెలో వెళ్ళేవాడికి ఇదే పనికొస్తుంది. తడిసినా వెచ్చదనం వదలదు. మెడ పట్టీ ఒక్కటీ ఆ మెత్తనిదానితో అల్లితే సరిపోతుంది.” అని రెండూ బుట్టలో సర్దారు. “గుచ్చుకునేదాన్ని కూడా పూర్తిగా పారెయ్యకు. దానికీ ఓ రోజు పని పడుతుంది.”

ఆ మాట నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు.

ఏడాదికోసారి మమ్మల్ని తివాచీల పేటకి తీసుకెళ్ళేవారు. రంగులు కాచే సాయిబుగారి పెరట్లో కుండలు పొయ్యిల మీద ఉడుకుతూ ఉండేవి. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, దానిమ్మ తొక్కల పసుపు. దండేల మీద రంగు వేసిన ఉన్ని పోగుల కట్టలు, చిలపలు, వేలాడుతూ ఉండేవి. వాటి కొసల నుంచి రంగు నీళ్ళు చుక్కలు చుక్కలుగా నేల మీద పడేవి. ఎర్ర చిలపల కింద నడవటానికి మా బడి పిల్లలు జంకేవారు.

“ఒక కుండలో ఉడికిందంతా ఒకేసారి తీసుకెళ్ళండమ్మా,” అనేవారు సాయిబుగారు. “సగం అల్లి, చాల్లేదని రేపొచ్చి అదే ఎరుపు కావాలంటే నా వల్ల కాదు. వేరు అదే, నీళ్ళు అవే. ఎరుపు మాత్రం వేరే వస్తుంది.”

దారిలో టీచరమ్మగారు దానికి ఇంకొక మాట కలిపారు. “ఒకే కుండలో ఉడికిన ఉన్ని అక్కచెల్లెళ్ళ లాంటిది. విడదీశామనుకో, ఒకటి రెండోదాన్ని వెతుక్కుంటుంది.”

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

రంగు ఏరటం ఆమె ఎండలో చేసేవారు కాదు. “మన కళ్ళు ఎండలో ఉంటాయి. వేసుకునేవాడు మంచులో ఉంటాడు,” అనేవారు. చలికాలంలో మంచు బాగా దిగిన ఉదయం చూసి, మమ్మల్ని కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళేవారు. ఒక్కొక్కరి చేతికి ఒక్కొక్క రంగు చిలప ఇచ్చి, దాన్ని పైకెత్తి పట్టుకుని వరసగా నడవమనేవారు. వెనక్కి తిరక్కూడదు. తను పిలిచేదాకా ఆగకూడదు.

తెల్లది పట్టుకున్న పిల్ల అందరికంటే ముందు మాయమయ్యేది. తర్వాత బూడిదరంగు. తర్వాత నీలం. ఒకసారి నా చేతికి ఎరుపు వచ్చింది. చుట్టూ ఏమీ లేదు. నా కాళ్ళు నాకు కనబడటం లేదు. పక్కనే కాలవ నీళ్ళ చప్పుడు వినబడుతోంది, కాని ఏ పక్కనో తెలియటం లేదు. ఎంతసేపు నడిచానో. ఎక్కడో వెనక నుంచి “చాలు” అని వినబడింది.

తిరిగి వచ్చాక ఆమె నా కేసి అదోలా చూశారు.

“నువ్వు ఎప్పుడో మాయమైపోయావు. ఉన్ని ఒక్కటే నడుస్తోంది,” అన్నారు.

ఆనాడు పుట్టిన వణుకు ఇప్పటికీ ఒక్కోసారి వస్తుంది. చలివల్ల కాదు.

పని విరమించాక అత్తిలిలో అన్నగారి పిల్లలు రమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. గుండుగొలను దాటి, కొల్లేటి గట్టు మీద రెండు గదుల పెంకుటింట్లో చేరారు. అక్కడ ఒంటరిగా ఏం చేస్తారండీ అని అడిగితే, “అక్కడ చలి ఉందమ్మా. నాకు పని అక్కడే,” అన్నారు.

మొదటి చలికాలం ఆమె పడవ ముసలాయన భార్యకి ఒక శాలువా అల్లి ఇచ్చారు. పెట్టెల్లో వచ్చిన తెల్ల ఉన్ని, వల అల్లిక. ఏలూరులో దొరసానులు చూసి ముచ్చటపడే అల్లిక అది. ఆవిడ రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తి చూసి, మళ్ళీ ఈవిడ ఒళ్ళోనే పెట్టేసింది.

“చేపలకి వేసేది నాకు వేస్తారేంటండి? వల మెడకి చుట్టుకుని నీళ్ళ మీదికి ఎవరెళ్తారండి?”

టీచరమ్మగారు కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ సాయంత్రమే అంతా విప్పేసి, అదే ఉన్నితో బియ్యపుగింజ అల్లిక మొదలుపెట్టారు. గింజ పక్కన గింజ, ఎక్కడా సందు ఉండదు. దాన్ని ఆవిడ కాదనలేదు.

అప్పటినుంచి కొలత తీసుకునే ముందు అందరినీ ఒకటే అడిగేవారు: “నీకు దేనికి భయం?”

చెప్పినదాన్ని బట్టి అల్లిక ఏరేవారు. కాలు జారి పడతానన్నవాళ్ళకి ఛాతీ మీద నిచ్చెన మెట్లు వేసేవారు. పిల్లలు దూరమైపోతారేమోనన్న తల్లులకి మూడు పాయల జడ. చీకటంటే భయమన్న పసివాళ్ళకి దేనితోనూ పని లేదు, పసుపుపచ్చ చాలు. నేను ఒకసారి నా భయం చెప్పాను. అది ఇక్కడ రాయను. నాకు మామూలు గీతల అల్లిక వేసి ఇచ్చి, “నీ భయానికి అల్లిక లేదమ్మా, ప్రార్థనే,” అన్నారు.

ఆమె చేతులు ఎప్పుడూ ఊరుకునేవి కావు. శొంఠి ముక్క బుగ్గన పెట్టుకుని, గుమ్మంలో చాప మీద కూర్చుని అల్లేవారు. ఒక్కొక్క చొక్కా చెయ్యి పూర్తయ్యేటప్పుడు పెదవులు కదిలేవి. వేసుకోబోయే మనిషికోసం ప్రార్థన అది. ఉతికిన చొక్కాలకి ఆకారం పోకుండా, రెండు చేతుల్లోంచీ ఒక వెదురు బద్ద దూర్చి, పొట్టి మనిషి కావటంతో పీటెక్కి గడకి కట్టి గట్టు మీద నిలబెట్టేవారు. దూరం నుంచి చూస్తే చేతులు చాపి నిలబడ్డ మనుషుల్లా ఉండేవి, తలలు లేని మనుషులు. టీచరమ్మగారి దిష్టిబొమ్మలు అనేవారు రేవులో.

మా తమ్ముడికి లంకలో బడి పంతులు ఉద్యోగం వచ్చిన ఏడు, వాణ్ణి వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ మీద రాకపోకలు చెయ్యవలసినవాడు, ఉన్ని చొక్కా కావాలి.

“నీకు దేనికి భయం నాయనా?” అన్నారు.

“మా పెద్దక్కకండీ,” అన్నాడు వాడు.

పడవ ముసలాయన భార్య పకపక నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. టీచరమ్మగారు మాత్రం వాడి మొహంలోకి చూశారు. ఆ చూపుకి వాడు తల దించుకున్నాడు.

“దారి తెలియకపోతేనండీ,” అన్నాడు మెల్లగా. “చిన్నప్పటినుంచీ అంతే. చుట్టూ ఏమీ కనబడకపోతే చేతులూ కాళ్ళూ ఆడవు.”

ఆమె లేచి లోపలి నుంచి ఎర్ర చిలపలు తెచ్చారు. సాయిబుగారు కాచిన చిరివేరు ఎరుపు. ఒక కుండ మొత్తం కొన్నారు. అందులో కొంత తన శాలువాకి వాడుకున్నారు. మిగిలింది వాడికని ఉంచారట.

“ఎర్రదా? అది వేసుకెళ్తే బళ్ళో పిల్లలు గంగిరెద్దు వచ్చిందంటారండీ! నాకు బూడిదరంగు కావాలి. దొరలు వేసుకునేది.”

“బూడిదరంగు మంచుకి చుట్టం నాయనా. కలిసిపోతుంది.”

వాడు వినలేదు. చదువుకున్నవాడు, కుర్రవాడు, నలుగురిలో బాగుండాలని ఉంటుంది. ఆమె ఇంక బలవంతం చెయ్యలేదు. బూడిదరంగుదే అల్లి ఇచ్చారు. వాడికి అది చాలా బాగుంది కూడా.

తర్వాత నేను వెళ్ళేసరికి గట్టు మీద గడకి ఎర్రది కట్టి ఉంది. బియ్యపుగింజ అల్లిక, పొడుగు చేతులు, మా తమ్ముడి కొలతే.

“ఇది ఎవరికండీ?”

“వాడిదే. వాడు వేసుకోనన్నాడుగా. వాడి బదులు ఇది నిలబడుతుంది.”

చలికాలమంతా అది అక్కడే. చీకటితోనే లేచి నిలబెట్టేవారు, మంచు విడిపోయాక తీసేవారు. దోనెలవాళ్ళు దాన్ని చూసి రేవు గుర్తుపట్టటం అలవాటు చేసుకున్నారు. దిష్టిబొమ్మ అన్నవాళ్ళే తర్వాత “ఎర్రది నిలబడిందా?” అని అడిగేవారు.

ఇక ఆ రోజు సంగతి.

క్రిస్మసు ముందు శనివారం. తమ్ముడు లంక నుంచి వస్తాడు, ఇద్దరం కలిసి ఏలూరు వెళ్ళాలి. నేను ముందురోజే వచ్చి టీచరమ్మగారింట్లో ఉన్నాను. తెల్లవారేసరికి మంచు మునుపెన్నడూ చూడనంత దిగింది. గుమ్మంలో నిలబడితే మెట్టు కనబడలేదు.

పొద్దెక్కింది. వాడు రాలేదు. మిగతా దోనెల్లో ఒకటి తడుముకుంటూ వచ్చింది. అందులోవాళ్ళు చెప్పారు. ఆగమంటే ఆగకుండా పంతులుగారు మాకంటే ముందే ఒక్కరే బయలుదేరారండి, అక్కయ్య ఎదురు చూస్తుందన్నారు, అని.

పడవ ముసలాయన వెంటనే దోనె తీశాడు. కేకలు వేసుకుంటూ వెళ్ళాడు. ఆ కేక కాసేపటికే ఆగిపోయింది. ఒంటినిండా నీళ్ళు కారుతూ తిరిగొచ్చాడు.

“నా దోనె ముందుకొస నాకే కనబడలేదండి. కిక్కిస గడ్డి పొదల్లో పడిపోయాను. మంచు విడేదాకా ఆగాలండి.”

ఆగితే ఏమవుతుందో మాకు తెలుసు. ఆ ఏడు వానలు ఎక్కువ. నీళ్ళు ఇంకా సముద్రంలోకి పోయే ఉప్పుటేటివైపు లాగుతున్నాయి. దారి తప్పిన తాటి దోనె ఆ లాగుడులో పడితే ఇంక చేతికి రాదు. కిక్కిసలో ఇరుక్కుంటే చలే చాలు. బూడిదరంగు చొక్కా వేసుకున్నవాణ్ణి పక్క నుంచి వెళ్ళినా ఎవరూ చూడలేరు.

నేను గట్టు వైపు చూశాను. ఎంత మంచులోనూ మిగిలే రంగు అది. చీకటితోనే ఆమె కట్టి వచ్చినా, ఆ రోజు అక్కడ ఏమీ లేదు.

“ఎర్రది కనబడటం లేదండీ,” అన్నాను.

“పనిమీద వెళ్ళి ఉంటుంది,” అన్నారు టీచరమ్మగారు.

నవ్వుతూ అనలేదు.

నన్ను చాప మీద కూర్చోబెట్టారు. ఆ ఎర్ర కుండలో మిగిలిన ఒకే ఒక చిలప తెచ్చి, నా రెండు చేతులూ చాపించి వాటికి తగిలించారు. తను ఎదురుగా కూర్చుని, కొస అందుకుని ఉండ చుట్టటం మొదలుపెట్టారు.

“ఇప్పుడా అండీ?” అన్నాను.

“ఇప్పుడే. ఆఖరి పోగు వెళ్ళేదాకా చేతులు దించకు.”

ఆమె చుట్టారు. నేను ప్రార్థించాను. మాటలు రాలేదు, తమ్ముడి పేరు ఒక్కటే వచ్చింది. ఉన్ని నా కుడిచేతి మీంచి ఎడమచేతికీ, ఎడమచేతి మీంచి కుడిచేతికీ ఊగుతూ వెళ్తోంది. భుజాలు మండాయి. తర్వాత మొద్దుబారాయి. తర్వాత నా చేతులు నావి కానట్టు అయిపోయాయి. మధ్యలో ఎక్కడో పోగు బిగిసింది. ఆమె లాగలేదు. అటువైపు ఎవరో పట్టుకుని ఉన్నట్టుగా ఆగి, తల ఒకపక్కకి వంచి, వింటూ కూర్చున్నారు. అటువైపు ఉన్నదాన్ని నేనే. నేను పట్టుకోలేదు.

కొంతసేపటికి పోగు దానంతట అదే సడలింది. ఆమె మళ్ళీ చుట్టారు.

ఆఖరి పోగు నా బొటనవేలు దాటి వెళ్ళింది. చేతులు దించాను. అప్పుడు రేవు మెట్ల దగ్గర నుంచి “పెద్దక్కా!” అని వినబడింది.

వాడు గుమ్మంలోకి వచ్చి గోడకి ఆనుకుని కూలబడ్డాడు. పెదవులు నల్లగా ఉన్నాయి. పడవ ముసలాయన భార్య వాడి కాళ్ళు రుద్దుతూ ఏడుస్తూ తిట్టింది: “పంతులుగారంట, పంతులుగారు! ఆగమంటే ఆగాలని ఏ బళ్ళోనూ చెప్పలేదాండి తమకి?” వేడి గంజి తాగాక వాడికి మాట వచ్చింది.

“ఎటు పోతున్నానో తెలియలేదు అక్కయ్యా. చేతులు ఆడలేదు. గడకర్ర వదిలేసి కూర్చున్నాను. నీళ్ళు లాగేస్తున్నాయి. ఇంతలో మెడ దగ్గర ఏదో గుచ్చుకుంది. గీరుకుందామని తల పక్కకి తిప్పాను. తిప్పితే అక్కడ ఉన్నాడు.”

“ఎవరు?”

“ఎవరోనే. ఎర్ర చొక్కా ఆయన. ఏవండీ, ఏవండీ అని పిలిచాను. పలకలేదు. నీళ్ళ మీద చేతులు చాపుకుని నిలబడ్డాడు, ఆయన దోనె నాకు కనబడలేదు. నేను దగ్గరికి వెళ్తే అంత దూరం జరిగేవాడు. మధ్యలో నా దోనె కిక్కిసలో తగులుకుంది. అప్పుడు నేను విడిపించుకునేదాకా ఆగాడు కూడా.” వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. “అక్కయ్యా, ఆయనకి తల కనబడలేదు.”

ముసలాయన భార్య వాడి కాళ్ళు వదిలేసి వెనక్కి జరిగింది.

టీచరమ్మగారు వాడి దగ్గరికి వచ్చి బూడిదరంగు చొక్కా మెడ పట్టీ మడిచి చూపించారు. లోపలివైపు, ఎవరికీ కనబడకుండా, ఒకే ఒక్క వరస ఎరుపు ఉంది. గరుకు ఉన్ని. మెత్తని మెడ పట్టీలో అదొక్కటే గుచ్చుకుంటుంది.

“ఆకలిగా ఉందా నాయనా?” అన్నారు. అంతే.

మంచు విడిపోయాక నేను గట్టు మీదికి వెళ్ళాను. ఎర్రది గడకి కట్టి ఉన్నచోటే ఉంది. ఆమె ముడి ఎలా వేశారో అలాగే ఉంది. నీళ్ళకి అది చాలా ఎత్తు. దాని అంచుకి పచ్చటి నాచు అంటుకుని ఉంది.

ఆ సాయంత్రం నేను అడిగాను. దేవుణ్ణి నమ్మినదాన్ని, ఇలాంటివి అడగటానికి కూడా భయమే.

ఆమె చాలాసేపు ఊచలు కదిపారు. “నేను చేతులు అల్లుతానమ్మా. వాటిలో ఎవరు దూరుతారో దేవుడి ఇష్టం,” అన్నారు.

ఆ తర్వాత తమ్ముడు ఎర్రది తనకి ఇమ్మని అడిగాడు. ఇప్పుడు నీది కాదు, గట్టుది అన్నారు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ప్రతి చలికాలమూ ఎర్రది నిలబడింది. ఈ ఏడు దసరా నుంచే టీచరమ్మగారు మంచం పట్టారు. నేను వెళ్ళినప్పుడల్లా, “ఇంకా మంచు దిగలేదు కదా?” అని అడిగేవారు. ఇంకా లేదండీ అనేదాన్ని. ఆమె చూపు చూరు కింద ఉన్న ట్రంకు పెట్టె మీద ఉండేది. కిందటిసారి వెళ్ళినప్పుడు మాత్రం, “మంచు దిగే వేళకి నేను లేవలేకపోతే?” అన్నారు. ఆమె నోట భయం వినటం నాకు అదే మొదలు. దోనెలు వచ్చే దారి చీకటైపోతుందన్నదే ఆ భయం. నేను చూసుకుంటానండీ అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, బలం చూస్తున్నట్టు ఒకసారి నొక్కి వదిలారు.

కబురు విన్నరోజు మధ్యాహ్నానికి నేను చేరాను. తమ్ముడు ఇప్పుడు తాడేపల్లిగూడెంలో బడి పంతులు. తంతి అందుకుని రైల్లో వచ్చాడు. ఆ పాత బూడిదరంగు చొక్కాయే వేసుకున్నాడు. మోచేతుల దగ్గర అరిగిపోయింది, మెడ పట్టీ అలాగే ఉంది. ఆమె పక్కన నిలబడి ఉన్నంతసేపూ ఒక చేత్తో మెడ పట్టుకునే ఉన్నాడు.

పడవ ముసలాయన భార్య ఆమెకి ఎర్ర శాలువా కప్పింది. “చలికి ఓర్చుకోలేరండి ఈవిడ,” అంది. తెల్ల గుడ్డ మీద ఆ ఎరుపు చూసి పాస్టరుగారు ఏమీ అనలేదు. పొద్దు వాలకముందే గట్టు చివర ఉన్న చిన్న సమాధుల తోటలో ఆమెని ఉంచి వచ్చాం.

వచ్చాక ట్రంకు పెట్టె తీశాను. పైన ఎండిన వేపాకు, కలరా ఉండలు. వాటి కింద ఎర్ర చొక్కా, వేసవిలో ఎలా మడిచి పెట్టారో అలాగే ఉంది. మడతల్లో వేపాకు పొడి అయిపోయింది. ఈ ఏడు దాన్ని ఎవరూ బయటికి తీయలేదు.

పడవ ముసలాయన గుమ్మంలో నుంచి చూశాడు.

“మరి మేం చూసిందేంటండి?” అన్నాడు.

ఆయన భార్య ఆయన్ని కసిరింది. “లోపల నేను ఆవిడ మంచం పక్కనే కూర్చుని ఉన్నానండి తెల్లవార్లూ. ఈయన దోనె చప్పుడయ్యేదాకా తలుపు కూడా తీయలేదు.” అని, నా చేతిలో చొక్కా కేసి చూసింది. “అమ్మగారండి, రేపు మా వాళ్ళు మళ్ళీ నీళ్ళ మీదికి వెళ్తారు.”

“నేను నిలబెడతాను,” అన్నాను.

తెల్లవారుజామున లేచి మోకరించి, చొక్కా తీసుకుని బయటికి వచ్చాను. మంచు దిగి ఉంది. గట్టు వెంట కాలితో తడుముకుంటూ గడ దగ్గరికి వెళ్ళాను. అది ఖాళీగా ఉంది, తడిగా, చల్లగా. వెదురు బద్ద ఒక చేతిలోంచి దూర్చి రెండో చేతిలోంచి తీశాను. అప్పుడు తల ఎత్తాను.

గట్టు చివర, సమాధుల తోట వైపు, ఎరుపు నిలబడి ఉంది. పొట్టిగా. నీళ్ళ వైపు తిరిగి, రెండు చేతులూ చాపి.

అంత మంచులో మిగతాది ఏదీ కనబడలేదు. నేను పిలవలేదు. ప్రార్థన కూడా చెయ్యలేదు, అది అప్పటికే జరుగుతున్నట్టు ఉంది. నా చేతిలో చొక్కా ఒక్కసారి అటువైపు ఊగింది. గాలి లేదు. దాన్ని గట్టిగా పట్టుకుని గడకి కట్టాను. ఒక ముడి వేశాను. అది చాలదని ఇంకొకటి వేశాను. ఎక్కడో లోపల, నీళ్ళ మీద, గడకర్ర దోనెకి తగిలిన చప్పుడు వినబడింది. మనిషి గొంతు ఒకటి, “అదిగో, ఎర్రది!” అంది.

నేను చేతులు తీసేసి ఒక అడుగు వెనక్కి వేశాను. చొక్కా నిలబడింది.

గట్టు చివర ఆ చేతులు మెల్లగా దిగాయి. చిలప పట్టుకుని చాలాసేపు కూర్చున్నవాళ్ళు, ఆఖరి పోగు వెళ్ళిపోయాక దించుతారే, అలాగ.